రాపిడి మొద్దు

గంటస్తంభం వెనక సందులో
మా నాన్న ఖలందర్ అత్తరు కొట్టు.
ఒక మనిషి అడ్డంగా నిలబడితే నిండిపోతుంది.

ఏడాదికోసారి, ఇప్పపూలు రాలే వారంలో
సాలూరు కొండ దిగి వచ్చేవాడు ఆరిక సింగన్న.
మొలగుడ్డ ముడిలో మోదుగాకు పొట్లం,
పొట్లంలో వెదురుపుల్ల,
పుల్ల కొసన గోరంత పునుగు.

విప్పగానే నేను పరుగు.
తడిసిన గొంగళి, ముక్కిన నెయ్యి,
ఉచ్చ ఇంకిన మట్టిగోడ.
"దగ్గర కాదమ్మీ, గుమ్మం దాటి పీల్చు" అనేవాడు నాన్న.
గుమ్మం దాటితే నిజంగానే
ఎవరో ఇప్పుడే తలంటుకుని
ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటున్నట్టు.

సింగన్న పిల్లిని ఎన్నడూ పట్టలేదు.
రాత్రి అది తోకెత్తి రాసుకుపోయే జీలుగు మొద్దొకటి
అతనికి తెలుసు. తెల్లారి వెళ్ళి గీకేవాడు, అంతే.
"బోనులో పెడితే ఎక్కువ వస్తుంది కదోయ్"
అన్నాడొక షావుకారు.
"వొస్తాది బాబూ. దాంతోపాటు బయిం కూడా వొస్తాది.
అదేటి, పెళ్ళికొడుక్కి రాస్తారా?"

కస్తూరి సంగతి వేరు.
పెట్టె అడుగున, దూదిలో, తాత కొన్న తిత్తి
నిమ్మకాయంత. రెండు వెంట్రుకలు ఇంకా అంటుకునే ఉన్నాయి.
ముప్పై ఏళ్ళుగా ఖాళీ.
ఆ ఖాళీ ఇంకా వాసనేస్తుంది.
నాన్న అమ్మలేదు, పారేయలేదు.
"దీనికో ప్రాణం బాకీ" అని మూత పెట్టేసేవాడు.

సింగన్న రాని ఏడాది
బొంబాయి నుంచి డబ్బా వచ్చింది.
పటికబెల్లం నలిపినట్టు తెల్లటి పలుకులు,
ఏ జంతువూ లేదు, మూత మీద అంకెలు తప్ప.
కొనేవాళ్ళు కళ్ళు మూసుకుని ఆహా అన్నారు.
నాన్న పీల్చాడు. మళ్ళీ పీల్చాడు.
నా వైపు తిరిగాడు,
చెవిటివాడు పెళ్ళిమేళం వైపు తిరిగినట్టు.
కొన్ని ముక్కులకు అది అందదట.

ఆపై పదకొండేళ్ళు
ఆయన కొలిచింది చుక్కల్ని కాదు, నా మొహాన్ని.
నా కనుబొమ్మ కదిలితే చెయ్యి ఆగేది.
ఒకసారి, దేనికో అలిగి, నేను కదపలేదు.
సీసా సీసా పాడైంది.
ఆయన అదే రాసుకుని జుమ్మాకు వెళ్ళొచ్చాడు.
మసీదులో ఎవరూ ఏమీ అనలేదట.
నేనూ చెప్పలేదు.

ఇప్పుడు గల్లాపెట్టె నాది.
సొరుగులో సింగన్న వెదురుపుల్ల.
ముసురు పట్టిన రోజుల్లో దానికి ప్రాణం లేచొస్తుంది.
సొరుగు తెరిచే ఉంచి
గుమ్మం దాటి
వానలో నిలబడతాను.