ఎనిమిది దినాలకు సగం

నల్లగొండ దవాఖాన ఎనుక, జనరేటర్ పక్కపొంటి
సీసపు తలుపున్న అర్ర నాది.
తాళంచెవి మొలతాడుకు కట్టుకుంట.
లోపల దేవుడు లేడు, పైసలు లేవు.
పచ్చ సంచులున్నయి.
ఒక్కోదానికి ఒక చీటీ:
పేరు, తారీఖు, మీటరు ఎంత పలికిందో.

మా నాయిన తిప్పర్తిల షావుకారు కాడ చిట్టా రాసేటోడు.
నూటికి మూడు, మూడు మీద మల్ల మిత్తి,
పండుకొని లేచేసరికి పెరిగే లెక్క.
నాది ఎదురు లెక్క.
అయోడిన్ ఎనిమిది దినాలకు సగమైతది,
ఇంకో ఎనిమిదికి సగంల సగం.
ఎవ్వలు కట్టకున్నా తీరే బాకీ
లోకంల గిదొక్కటే గావచ్చు.
నేను చేసేదేమున్నది? కావలి.

భూమిల రెండు తొట్లు.
మందు తాగినోళ్ల ఉచ్చ ఒకదాంట్ల నిండుతుంటె
ఇంకోటి మూత బిగించుకొని సల్లారుతుంటది.
సల్లారకముందు సుక్క గూడ మోరీల కలవద్దు.

సైదమ్మది మర్రిగూడ దిక్కు.
గొంతుల గడ్డ. పండ్లు గారపట్టినయి,
మోకాళ్లు విల్లులెక్క వంగినయి.
గౌను తొడుక్కోమంటె సిగ్గుపడి
నారాయణపేట చీరతోనే పండుకున్నది మొదటి రాత్రి.
తెల్లారగట్ల కక్కుకున్నది.

చీర సంచిల పెట్టి చీటీ అంటిస్తుంటె
తలుపు అవతలికెల్లి అడిగింది,
"గండ్ల ఏం రాసినవు బిడ్డా?"
"ముట్టొద్దని."
శానసేపు సప్పుడు లేదు.
"మా బాయికి గూడ ఎవ్వలన్న అప్పుడే
గసొంటి చీటీ అంటిస్తె అయిపోవు."

దానికి నా బుక్కుల గడి లేదు.
ఫ్లోరైడుకు సగమయ్యే దినం లేదు.

ఎండలు ముదిరినయి.
నలభయ్యో దినం
పాతచీరలకు గిన్నెలిచ్చే ఆమె గేటుకాడ కేకేస్తె
ఉలిక్కిపడి తాళం తడిమి చూసుకున్న.

ఎనభై ఒకటో దినం చీర బయటికి తీసిన.
మీటరు పెడితె
టిక్కు.
ఆగి, ఇంకోటి.
అనుమానమొచ్చి
గోడ అవతల గుట్టబండకు గూడ ఆనించి చూసిన.
బండనే రవ్వంత ఎక్కువ పలికింది.
దానిమీద మేకలు పండుకున్నయి.

చీటీ చింపిన.
సబ్బుపెట్టి రెండుసార్లు పిండి తీగమీద ఆరేసిన.
ఫోన్ చేస్తె సైదమ్మ బిడ్డ ఎత్తింది:
"అమ్మ పత్తి ఏరవోయింది,
శనివారం వస్తదంట."

శనివారమంటె నాలుగు దినాలు.
సగం గూడ కాదు.