దూప

కార్తీకం దాటింది.
గోపాల్‌పూర్‌లో తెల్లారేసరికి
గడ్డికి మంచే ఒక తడి పెట్టి పోతోంది.

ఓదెలు వాల్వు కట్టేసి
స్ప్రింక్లర్ ఇత్తడి తలలు ఒక్కొక్కటే విప్పాడు.
బోరునీళ్ల ఉప్పు, పండ్ల మీది గారలా.
ఒకదాంట్లో నత్తగుల్ల,
ఇంకోదాంట్లో, ఏ ఎండలకు దూరాయో, చీమలు కట్టుకున్న ఇల్లు.
మా ఆవిడ కుట్టుమిషను సూది అడిగి
కన్నాలు పొడిచాడు.
పైపులో మిగిలిన నీళ్లను నోటితో ఊదాడు:
బర్రె ముక్కు చీదినట్టు చప్పుడు,
ఆఖరి గుక్కెడు సల్లగా నా పాదాల మీద.

"సలికి నేలకు దూప తక్కువ సారూ,
వారానికొక్కపారి సాలు.
రెండు నెలలు దీన్ని పండనియ్యి."

అరిగిపోయిన మూడు తలలు
చెత్తబుట్టలో వేయబోయాను.
చెయ్యి పట్టుకున్నాడు.
అంగీ కొసతో తుడిచి జేబులో వేసుకున్నాడు.
పర్వతగిరి అవతల ముప్పావెకరం మక్క,
మొన్ననే మొలక లేచిందట.
"దాని దూప ఇప్పుడే మొదలు."

కూలి డబ్బులు లెక్కపెట్టకుండానే
బండి తన్నాడు.

రాత్రి రెండు దుప్పట్ల కింద
నిద్ర పట్టదు.
టక్కు టక్కు టక్కు,
చీకట్లో ఏదో తల తిరుగుతున్నట్టు.

లేచి చూశాను.
ఇంట్లో ఏ నల్లా కారడం లేదు.