రాళ్లు, వేర్లు, పెంకులు

జానెడు లోతు గుంత, నాగటి కర్రు ఆకారంలో.
పక్కగోడను పైనుంచి కిందికి గీకి
అరకిలో మట్టి గుడ్డసంచిలోకి.
రాళ్లు, వేర్లు, పెంకులు ఏరి పారేయాలి.
మట్టి పరీక్షకు ఇది నియమం.
పంతొమ్మిదేళ్లుగా పారేస్తూనే ఉన్నాను.

గీసుకొండ అవతల, ఐలుమల్లు చేను.
చపాటా మిరప పెడతాడట, నారు ఇంకా మడిలోనే ఉంది.
ఎండాకాలం చెరువు పూడిక తోలించాడు,
ఎనభై ట్రాక్టర్లు.
ఎర్ర చెల్క మీద నల్లమట్టి
అరువు తెచ్చిన దుప్పటిలా పరుచుకుంది,
అంచులు చాల్లేదు.

నాలుగో గుంతలో తగిలింది
చిటికెన వేలంత మట్టిగొట్టం, ఒక పక్క విరిగి.
కొమ్ముచెంబు మూతి అనుకున్నాను.
జాతరలో పిల్లలు కొనే పీక అనుకున్నాను.
తుడిచి ఊదితే
అవతలి నుంచి మట్టి రాలింది, కూత రాలేదు.

"కాకతీయులదేనా సారూ?" ఐలుమల్లు గొంతు తగ్గించాడు,
"పక్కపొంటి ఇంకేమన్న ఉంటదా?"

మూడు రోజుల్లో ఆరు ముక్కలయ్యాయి.
ఆఫీసు బల్ల మీద, ఆరబెట్టిన నమూనాల పక్కన,
పాత కాగితం పరిచి వరుస పెట్టాను.
మెడలు రెండు.
గిన్నె అంచు ముక్కలు మూడు.
ఒకటి అడుగుభాగం, మధ్యలో చిల్లితో.
చాలాసేపటికి కనబడింది:
మసి లోపలే ఉంది.
వంటకుండకు బయట నల్లబడుతుంది కదా.
దీని పొయ్యి దీని కడుపులోనే.

కుమ్మరి ఓదెమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.
కళ్లకు శుక్లాలు. చూడలేదు,
నాలుక కొసకు ఆనించుకుంది.
"అంటుకుంటాంది. మంచిగ కాలింది" అంది.
"గిది సిలుం బిడ్డా.
మెడకు తడిపేలిక సుట్టి
పిడికిట్ల వట్టి గుంజుతరు.
అడుగున చిన్న గులకరాయేస్తరు,
నిప్పు నోట్లెకు రాకుండ."

మెడ చుట్టూ గోటితో నొక్కిన గీతలు,
పదకొండు.
పన్నెండోది ఉండవలసిన చోట విరిగింది.
ఓదెమ్మ తన గోరు ఆ గీతలో పెట్టి చూసింది.
పట్టలేదు. చిటికెన వేలి గోరూ పట్టలేదు.
"చిన్నపిల్ల చేసింది" అంది,
"మొగోళ్లు సారె తిప్పుతాంటె
గీతలు వెట్టుడు మాకే చెప్పేటోళ్లు."
ఎన్నేళ్ల కిందటి పిల్లో అడగబోయాను.
"ఆ గులకరాయి నీకు దొరుకది" అంది మళ్లీ,
"దొరికినా గది రాయే గద."

అప్పుడు గుర్తొచ్చింది
నేను చేసే పని.

ఐలుమల్లుకు నిజం చెప్పాను.
పొగాకు సముద్రం దాటి వచ్చిన మొక్క,
కాకతీయులకు దాని వాసనే తెలియదు,
ఇది వాళ్ల తర్వాతెప్పటిదో,
చెరువుగట్టున మన్ను మోసి మోసి
నడుం వాల్చినవాడిదో, బర్లకాపరిదో.
మిరపకాయా అంతే, ఆ ఓడల్లోదే అన్నాను.
బంగారం పోయినందుకు ఏమీ అనలేదు గానీ
మిరపకాయ దగ్గర నిలబడిపోయాడు.
"మరి అన్నంల ఏం కలుపుకున్నరు సారూ, పాపం?"
"మిరియాలు."
నమ్మలేదు.

ఫలితాలు రాశాను:
నత్రజని తక్కువ. భాస్వరం మధ్యస్థం. పొటాష్ ఎక్కువ.
గుప్పెడు చిలుం బూడిదకు పొటాష్ పెరగదని నాకు తెలుసు.
అయినా ఆ మాట దగ్గర
కలం కొంచెం ఆగింది.

ఇవ్వాళ చీటీ ఇవ్వడానికి వచ్చి
నాలుగో గుంత పక్కన కూర్చున్నాను.
నేను ఏరి పారేసిన రాళ్లు
రాత్రి వానకు కడుక్కుని ఉన్నాయి.
ఒక్కొక్కటే తీసి, జేబులోని ఆ అడుగుముక్క మీద పెడుతున్నాను.
కొన్ని చిల్లిలోంచి జారిపోతున్నాయి.
కొన్ని చిల్లిని పూర్తిగా మూసేస్తున్నాయి, పొగ రాదు.
ఒకటి కూర్చుంది,
పక్కన గాలికి సందు వదిలి.
అదే అని చెప్పలేను.

అవతలి గట్టు నుంచి ఐలుమల్లు కేకేశాడు,
"సారూ, మల్లేమన్న దొరికిందా?"

"రాయి" అన్నాను.