కానుగాకుకు ఆటలమ్మ

ఆదివారం ఆరున్నరకి
పుట్టేనహళ్ళి చెరువు గేటు దగ్గర
నాలుగు కుటుంబాలం, ఏడుగురు పిల్లలు,
ఒకే ఒక్క బైనాక్యులర్.
దాని కోసం తగువు గేటు దాటకముందే మొదలు.

నాగవేణి గారి నియమం ఒకటే:
ఒక్కో పిల్లకి ఒక్కో చెట్టు.
వారం వారం దాన్నే చూడాలి, దాన్నే గీయాలి,
ఇంకో చెట్టు మీద మోజు పడకూడదు.
ముప్పయ్యేళ్ళు బ్యాంకులో పద్దులు రాసిన మనిషి,
చెట్లకీ పాస్‌బుక్కులు తెరిపించారు.

మా ఐక్యకి కానుగ వచ్చింది.
జోయెల్‌ది, ఒళ్ళంతా గులాబీ పూలేసుకుని
ఊరందరితో ఫోటోలు దిగే చెట్టు.
ఇదేమో కట్ట మీద
కరెంటు తీగల కోసం ఒకవైపు నరికేసిన
ఒట్టి కానుగ.
"మార్చుకోవచ్చా?" అంది మొదటి రోజే.
"మీ అమ్మని మార్చుకుంటావా?" అన్నారావిడ.
మా పిల్ల కాసేపు ఆలోచించింది.
అంతసేపు ఆలోచించడం నాకు నచ్చలేదు.

ఇక్కడ దీన్ని హొంగె అంటారు.
మా అమ్మమ్మ కానుగ అనేది,
దాని పుల్లతోనే పళ్ళు తోముకునేది.
చెప్తే "యాక్" అంది.
పేరు దగ్గర మాత్రం రెండూ రాసుకుంది,
మధ్యలో ఒక అడ్డగీత పెట్టి.

జనవరిలో ఆకులు పండాయి.
ఫిబ్రవరి మొదటికి చెట్టు బోసి.
"చచ్చిపోయింది" అని రాసి
కింద రెండు గీతలు కొట్టింది.
నాగవేణి గారు దిద్దలేదు.
నాకు నోటిదాకా వచ్చింది గానీ
కళ్ళజోడు పైనుంచి ఆవిడ చూసిన చూపుకి
మింగేశాను.

తర్వాత రెండు ఆదివారాలు మేం వెళ్ళలేదు.
ఐక్యకి ఆటలమ్మ.
రాత్రుళ్ళు వేపరెమ్మతో పొక్కుల మీద నిమురుతూ నేను,
గోకొద్దు, గోకొద్దు,
ఇదొక్కటే మాట.
సరిగ్గా ఆ రోజుల్లోనే
చెట్టు చిగిర్చిందట.

మూడో ఆదివారం వెళ్తే
ఇంత పచ్చదనం ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకుంది!
ఎవరో ఇప్పుడే నూనె రాసి దువ్వినట్టు
ఆకాకూ మెరుస్తోంది.
గేటు దగ్గర్నించి పరుగెత్తిన పిల్ల
నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది,
పిలవని పేరంటానికి వచ్చినట్టు.
తర్వాత పుస్తకం తీసింది.
"చచ్చిపోయింది"ని కొట్టేయలేదు.
పక్కన రాసింది: "అనుకున్నాను."

జోయెల్ తన పుస్తకం చాపాడు.
ఆ రెండు వారాలూ
తన చెట్టు గీశాక దీన్నీ గీశాడట.
ఒకదాంట్లో రాగిరంగు మొనలు,
ఇంకోదాంట్లో లేతాకులు.
ఆకులు జామాకుల్లా వచ్చాయి గానీ
లెక్క తప్పలేదు, రెమ్మకి ఐదు.
"దింపుకో, పేజీలు ఖాళీగా ఉంటే బాగోదు" అన్నాను.
మరి నా రికార్డు బుక్కులన్నీ
మా అక్క రికార్డు బుక్కుల్లోంచి దింపినవే.
ఇద్దరూ నావైపు వింతగా చూశారు.
"నేను చూడలేదు కదమ్మా."
రెండు పేజీల్లోనూ అదే రాసింది:
"చూడలేదు. జ్వరం. జోయెల్ చూశాడు."

ఉగాది వెళ్ళిన వారం.
కంసాలిపిట్ట ఎక్కడో టుక్కు టుక్కుమంటోంది,
బైనాక్యులర్ కోసం మళ్ళీ తోపులాట.
వీటి వేటికీ చెందకుండా మా పిల్ల
కిందికొమ్మ వంచి అరిచింది:
"దీనికీ వచ్చింది!"

ఆకు నిండా పొక్కులు, వేలికి గరుగ్గా.
అందరూ మూగారు.
మోచేతి మీద మానిన మచ్చ పక్కన
ఆకు పెట్టి పోల్చుకుంది.
నాగవేణి గారు భూతద్దం ఇచ్చి
లోపల కంటికానని పురుగులు కాపురముంటాయనీ
వాటికి ఇల్లు ఆకే కట్టిస్తుందనీ చెప్పారు.
"మరి చెట్టుకి దురద వేస్తుందా?"
ఆవిడ భూతద్దం తుడిచారు, మళ్ళీ తుడిచారు.
"తెలీదు" అన్నారు.
ఆ మాటా పుస్తకంలో ఎక్కింది,
తేదీతో సహా.

ఎండెక్కింది.
ఇడ్లీ బండి దగ్గరికి పెద్దవాళ్ళం కదిలాం.
వెనక్కి తిరిగి చూస్తే
రాలిన వేపరెమ్మ ఒకటి ఎక్కడో ఏరుకొచ్చి
ఐక్య
కానుగ కొమ్మల్లో దోపుతోంది.
జోయెల్ కాపలా,
మా కంట పడకుండా.