ఒక గీత చోటు

పుంతా అరెనాస్‌లో గాలి
మనిషిని చూసి పక్కకి తప్పుకోదు.
వీధి మలుపుల్లో తాళ్లు కడతారు.
అవి పట్టుకునే వస్తారు వీళ్లు
బడిగంటకి ముప్పావుగంట ముందే,
నేనింకా తాళంచెవి వెతుక్కుంటూ ఉండగానే.

దరఖాస్తు నేనే తయారుచేశాను.
పేరు, తరగతి, ఒక్క ప్రశ్న:
లైబ్రరీలో ఎందుకు పనిచేస్తావు?
కింద ఒక గీత. అంతే చోటు.

"పుస్తకాలంటే ప్రాణం" అని రాసింది యస్నా.
మూడు నెలలైంది, ఒక్కటీ చదవలేదు.
ఊడిన అట్టలకి జిగురు రాసి
బొటనవేలితో అదిమి కూర్చుంటుంది,
పొంగే పాలకి కాపలా కాస్తున్నట్టు.
ఇంట్లో విరిగినవి విరిగినట్టే ఉంటాయట.
నేనడగలేదు.
డబ్బా మూత బిగిస్తూ తనే అంది.

"మార్కుల కోసం" అన్నాడు ఎలియసెర్.
మార్కులుండవురా అన్నాను.
తల గోక్కుంటూ వెళ్లి
మర్నాడు మళ్లీ వచ్చాడు.
తేదీ ముద్ర వాడిదే. ఇంకెవరినీ ముట్టుకోనివ్వడు.
వాళ్ల నాన్న పీతల పడవెక్కి
దక్షిణానికి పోయి ఐదు వారాలు.
ఓ రోజు ముద్ర చేతిలో పట్టుకునే అడిగాడు:
"గడువు దాటాక తెస్తే జరిమానా ఎంత, టీచర్?"
ఏమీ లేదు, వస్తే చాలన్నాను.
టక్.
ఆ పేజీ మీద సిరా కాస్త ఎక్కువే పడింది.

మిలెంకా గీతని ఖాళీగా వదిలేసింది.
భోజనాల వేళ ఆమె పక్క కుర్చీ
ఎప్పుడూ ఖాళీయే అని
వంటావిడ చెబితే తెలిసింది.
ఇక్కడ మాత్రం నిచ్చెన ఆమెది, పై అర ఆమెది.
భూగోళం పుస్తకాల వెనక
సగం తిన్న రొట్టె కనబడితే
నేను చూడనట్టు దుమ్ము దులుపుతాను.

హెడ్మాస్టరు నివేదిక అడిగారు:
పిల్లల్ని ఇక్కడికి రప్పిస్తున్నదేమిటి?
"సేవాభావం" అని రాసి సంతకం పెట్టాను.
పదమూడేళ్లప్పుడు నేనీ గదికొచ్చింది
హీటరు కోసమని
ఏ గడిలో రాయను?

నిన్న ఐదో తరగతి పిల్లాడొకడు
టిఫిన్ డబ్బా పొట్టకి హత్తుకుని
గుమ్మంలో నిలబడ్డాడు,
లోపలికీ రాడు, వెళ్లనూ వెళ్లడు.
నేను లేవబోయేలోగా
మిలెంకా నిచ్చెన దిగింది.
పేరడగలేదు, ఏమైందనలేదు.
కార్డుల కట్ట వాడి చేతిలో పెట్టి
"అక్షరాల వరసలో సర్దు, నాకు కుదరడం లేదు" అంది.
పచ్చి అబద్ధం.

సాయంత్రం నా బల్ల మీద ఒక దరఖాస్తు.
వాడి పేరు, ఆమె చేతిరాత.
ఎందుకు అన్న చోట,
గీత దాటి అంచు దాకా:
"రేపు కూడా వస్తాడు."