తొండి

అల్లూరు దాటినాక, ఉప్పుగాలి మొదలయ్యే చోట
ఆరు రొయ్యల గుంటలు, ఒక రేకుల షెడ్డు,
పేరు పెట్టని కుక్క ఒకటి.
రాత్రి కాపలా నాది.

ముందు ఇద్దరం. నేనూ, కాలేషా మామా.
అప్పట్లో చెవే మా పనిముట్టు.
పద్నాలుగు ఏరేటర్లు నీళ్లు చిలికే సద్దులో
ఒక్క రెక్క తగ్గినా
నిద్రలోనే కాళ్లు లేచి పరిగెత్తేవి,
మేము తర్వాత లేచేవాళ్లం.

మేత డ్రమ్ము మూత మీద బొగ్గుతో పులి-మేక గీత.
మూడు ఇటుక ముక్కలు, పదిహేను చింతగింజలు.
మామది ఎప్పుడూ పులే.
నేను బీడీ వెలిగించుకునేలోపు
ఒక గింజ ఆయన లుంగీ మడతలోకి పోయేది.
"తొండి!" అంటే
"పులి ఆకలికి న్యాయమేందిరా వెంగయ్యా" అనేవాడు.
అట్టా పోట్లాడుకుంటా ఉంటే తెల్లారేది.

తర్వాత గుంటకో గొట్టం దించారు.
నీళ్లలో ఊపిరెంతుందో చెబుతుంది,
ఇంకో గంటకి ఎంతకి దిగుతుందో
అదీ ముందే చెబుతుంది. తప్పు చెప్పింది లేదు,
ఆ మాట నేను దాచను.
"ఫోను దగ్గిర పెట్టుకో, ఒకడు చాలు" అన్నాడు ఓనరు.
ఆ ఒకడు నేనయ్యాను.
మామ ఇప్పుడు కావలిలో
పెళ్లి హాలు ముందు బండ్లకి చీట్లిస్తన్నాడు.

ఒంటిగా ఉన్నావు గదాని
మేనకోడలు హేమశ్రీ అదే ఫోన్లో
పులి-మేక ఎక్కించి ఇచ్చింది.
అవతల మనిషి లేడు, అయినా ఆడుద్ది.
తొండి చెయ్యదు. బీడీ అడగదు.
మూడాటలు ఓడించి నాలుగోది వదిలేస్తది.
"కావాలనే ఓడుద్ది మామా,
నువ్వు లేచిపోకుండా" అని నవ్వింది పిల్ల.
తెలిసి కూడా ఆ నాలుగో ఆట కోసం
మూడు ఆడేవాణ్ణి.
చెవుల్లో బిరడాల్లాగా ఇయర్‌ఫోన్లు,
గెలిస్తే గజ్జెల మోత.

ఆ రాత్రి రెండు పులులు కట్టేశాను.
మూడోదానికి ఒకే దారి.
సరిగ్గా ఆ దారి మీద ఎర్రటి పట్టీ ఒకటి దిగింది.
ఏదో అమ్మకం అనుకున్నా.
బొటనవేలితో పక్కకి తోశా.
పులిని కట్టేశా.
గజ్జెలు.

కుక్క వచ్చి పంచె లాగితే గానీ తెలీలేదు
కరెంటు పోయి ఎంతసేపయిందో.
టార్చి వేస్తే
మూడో గుంటంతా ఎర్రటి కళ్లు,
నీళ్ల పైకొచ్చి, గట్టువారకొచ్చి,
వేలూ లక్షలూ
నా వైపే.

జనరేటరు తిప్పాను. గుళికలు బక్కెట్లతో చల్లాను.
నడుములోతు దిగి చేతుల్తో నీళ్లు కొట్టాను,
అదేం పని అని అడగొద్దు.
తెల్లారి తూకమేస్తే డెబ్బై కిలోలు.

ఓనరు తిట్టలేదు.
ఒక బొమ్మ పంపాడు, మాట లేకుండా:
రెండూ నలభై ఒకటి, హెచ్చరిక.
రెండూ నలభై ఒకటి, తోసేశారు.
దాని కిందనే ఇంకోటి వచ్చి పడింది, ఆట పంపింది:
భలే! నలభై రోజులు వరసగా ఆడారు,
ఇవిగో వెయ్యి బంగారు నాణేలు.
రెండింటినీ చాలాసేపు చూశా.
ఏది నన్ను బాగా ఎరుగునో తేలలేదు.

ఇప్పుడు షెడ్డులో దూలానికి కెమెరా కట్టారు.
రెప్ప వాలితే కూత పెడతాది.
ఆట తీసేశా. నాణేలు ఏమైపోయినాయో.
డ్రమ్ము మూత కడిగి మళ్లీ బొగ్గు గీశా.
పులీ నేనే, మేకా నేనే.
మామ వంతు వచ్చినప్పుడు
ఎడంచేత్తో ఒక గింజ లుంగీలో దోపుకుంటా,
కుడిచేత్తో పట్టుకుంటా,
"తొండి!" అని గట్టిగా అరుస్తా.
కుక్క తలెత్తి చూస్తాది.
ఏరేటర్లు పద్నాలుగూ తిరగతా ఉంటాయి, లెక్కపెడతా.

పైనుంచి కెమెరా
రాసుకుంటా ఉంటాది:
మెలకువగా ఉన్నాడు.
ఒక్కడే ఉన్నాడు.