ఒకటీ పాయింట్ ఎనిమిది

బెర్గెన్‌లో ముసురు పట్టి ఇవాళ్టికి పంతొమ్మిదో రోజు.
గొడుగు దులిపి
హల్వార్ పాత కెమెరాల కొట్లోకి దిగాను.
దిగాను అనే అనాలి,
వీధికన్నా మూడు మెట్లు కింద ఉంటుంది ఆ కొట్టు.
కోటు లోపలి జేబులో ఎనిమిది నెలల ఓవర్‌టైం.

ఏం తీస్తావు, అన్నాడు.
రొట్టెలు, అన్నాను.
కాదు, రొట్టెలు చేసేవాళ్ళని.
తెల్లవారుజామున నాలుగింటికి, మా బేకరీలో.
బల్ల మీద ఒకే ఒక్క బల్బు,
బల్బు మీద నాలుగేళ్ళ పిండి.

ఆయన బల్ల తుడిచి, గుడ్డ పరిచి,
మూడు లెన్సులు పెట్టాడు.

ముప్పై అయిదు బిగించి చూస్తే గదంతా వచ్చిపడింది.
గడియారం, చెత్తబుట్ట, మూడు కాళ్ళ కుర్చీ,
పిలవని పేరంటానికి వచ్చినట్టు.
యాభై బిగిస్తే హల్వార్ ఒక్కడే మిగిలాడు.
ఆయనకీ నాకూ మధ్య
కాఫీ కప్పు అందించగలిగినంత దూరం.
ఇదే, అన్నాను.
ఇదే అంటే సరిపోదు, యాభైలో రెండున్నాయి, అన్నాడు.

మొదటిది ఒకటీ పాయింట్ రెండు.
చేతిలో పెడితే రై రొట్టెంత బరువు.
ఆ నేలమాళిగ చీకట్లో కూడా
గోరువెచ్చని వెలుతురు ఎక్కడిదో లాక్కొచ్చింది.
హల్వార్ ఎడమకంటి రెప్పవెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.
కుడికన్ను అప్పటికే మంచులో ఉంది.
చెవులు ఎవరివో.

ఎంత బాగుందో చెప్పలేను.
చెయ్యి జేబులోకి పోయింది కూడా.

అప్పుడు గున్వోర్, హబ్తోమ్ గుర్తొచ్చారు.
ఒకే బల్లకి అటొకరు, ఇటొకరు.
ముద్దలు చేస్తూ పైకి లెక్కపెడతారు,
ఆవిడ మా భాషలో, అతను తిగ్రిన్యాలో.
ఒకరి అంకెలు ఇంకొకరికి రావు.
ఏ రోజూ లెక్క తప్పలేదు.

ఈ లెన్సులో ఇద్దరిలో ఒకరు పొగైపోవాలి.
ఎవరు?

మూతి బిగించు, ఇద్దరూ వస్తారు, అన్నాడు హల్వార్.
అని కాసేపు ఆగి,
బిగించి వాడేదానికి
తెరుచుకున్నందుకు ఇంత డబ్బెందుకులే, అన్నాడు.
ఇరవయ్యేళ్ళుగా ఆ కొట్టు ఎందుకు పెరగలేదో
నాకప్పుడు అర్థమైంది.

ఒకటీ పాయింట్ ఎనిమిది కొన్నాను.
ఒళ్ళంతా ప్లాస్టిక్కు, తిప్పితే గరగర.
ముందు గాజు మీద వెంట్రుకంత గీత.
ఫోటోలో కనిపించదు,
నీకు మాత్రం కనిపిస్తూనే ఉంటుంది, అన్నాడు.

మిగిలిన డబ్బుతో బూట్లకి అడుగులు వేయించాను.
ఒక పెద్ద బల్బు కూడా కొన్నాను, ఎందుకైనా మంచిదని.

నాలుగింటికి అది వెలిగించగానే
గోడ మీద చెమ్మ, మూలన బొద్దింక మందు,
గున్వోర్ మోచేతి మీద పాత కాలిన మచ్చ
అన్నీ ఒక్కసారే బయటపడ్డాయి.
ఆవిడ చొక్కా చెయ్యి కిందికి లాక్కుంది.
హబ్తోమ్ ఏమీ అనకుండా స్టూలెక్కాడు,
గుడ్డతో పట్టుకుని దాన్ని ఊడదీశాడు,
పిండి పట్టిన పాతదే మళ్ళీ బిగించాడు.
నేను క్షమాపణ చెబుదామనుకున్నాను.
అప్పటికే లెక్క మొదలైపోయింది.

రెండడుగులు వెనక్కి వేశాను.
దూరం జరిగితే స్పష్టత కొంచెం వెడల్పవుతుందట.
ఇంకో అడుగు వేస్తే పొయ్యి తలుపు వీపుకి చురుక్కుమంది.
ఇక వెనక్కి చోటు లేదు.

పెద్ద ముద్ద తెంపడానికి ఇద్దరూ ఒకేసారి వంగారు.
నొక్కాను.

కొంచెం గింజ కట్టింది.
ఆవిడ భుజం కదిలింది.
కానీ రెండు ముఖాలూ ఉన్నాయి, నాలుగు కళ్ళూ,
ఏదో ఒకే అంకె దగ్గర తెరుచుకున్న రెండు నోళ్ళు.

ఆ చొక్కా ఇప్పుడు గచ్చు తుడవడానికి వాడుతున్నాం.